కాలువ వంతెన దాకా

గార్లదిన్నె మండలంలోని ఆ ఊళ్లో పొద్దున్నే రోడ్డు మీద ఎవరైనా పరుగెత్తుతున్నారంటే ఇదివరకు రెండే కారణాలు. బస్సు వెళ్లిపోతూ ఉండాలి, లేదా గొర్రెలు పక్కవాడి చేలో పడి ఉండాలి. ఎవరూ తరమకుండా, ఏ పనీ లేకుండా, చెమటలు కారేలా ఉరకడమంటే మతి చెడినవాళ్ల పని అని ఊరి అభిప్రాయం. తిమ్మప్ప అభిప్రాయమూ అదే. యాభై తొమ్మిదేళ్ల వయసులో, పంచె ఎగ్గట్టి, కొడుకు వాడి పడేసిన కాన్వాస్ బూట్లు తొడుక్కుని, తానే ఆ పని చేయాల్సి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

దీనికంతటికీ మూలం కోడలు ఇంద్రాణి. డిగ్రీ చదివిన పిల్ల. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైంది, ఇక మిగిలింది పరుగు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. కాస్త ఎక్కువైందా, ఇంటికి రావడమే. ఊరి బడి గేటు నుంచి కాలువ వంతెన దాకా ఉన్న దూరం దానికి సరిపోతుందని మామ టీవీఎస్ బండి మీటరు పెట్టి కొలిచి చూసుకుంది. రోజూ ఆ దారిన ఉరకాలని నిశ్చయించుకుంది.

అయితే చీకటి విడీ విడకముందే ఆడకూతురు ఒంటరిగా రోడ్డెక్కితే కుక్కలు ఊరుకోవు. కుక్కలు ఊరుకున్నా మనుషులు ఊరుకోరు. మొగుడు సందీప్ తాడిపత్రి నుంచి బండలు వేసుకుని లారీ తోలుతాడు, పదిహేను రోజులకొకసారి గానీ ఇంటి ముఖం చూడడు. అందుకని ఫోన్లో తండ్రిని బతిమాలాడు. "నాయనా, నువ్వు తోడు పో. ఊరికే ఎనకాల నడుసు, సాలు."

తోడు పోవడం సంగతి అటుంచండి, తిమ్మప్పకు అప్పటికి మంచం దిగడమే పెద్ద పనైపోయింది. భార్య మారెక్క పోయి ఏడాదిన్నర. ఆమె పోయిన ఏడే వాన మొహం చాటేసి, వేసిన వేరుశనగంతా చేలోనే ఎండింది. రెండు దెబ్బలూ కలిసి ఆయన్ను వసారాలో నులకమంచానికి కట్టేశాయి. పొద్దున గోడవైపు తిరిగి పడుకుంటే సాయంత్రం దాకా అట్లాగే ఉండేవాడు. షుగరు మూడువందలు దాటింది. మాత్రలిస్తే మింగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. అయినా కొడుకు మాట తీసెయ్యలేక చేతికర్ర పట్టుకుని లేచాడు.

మొదటిరోజు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. బడి గేటు దగ్గర ఇంద్రాణి చున్నీ నడుముకు బిగించి, వస్తా మామా అని చెప్పి ఉరికింది. చూస్తుండగానే ఆమె ఎక్కడో, ఈయన ఎక్కడో. తుమ్మచెట్ల మలుపులో కనుమరుగైపోయింది. ఆ మలుపు దగ్గర రోడ్డు కింద నీళ్లు పోయే ఒక మోరీ, దాని పక్కనుంచి ఇంటికి అడ్డదారి ఉన్నాయి. తిమ్మప్ప మోరీ మీద నిలబడి ఎదురుగా ఉన్న ఖాళీ రోడ్డు చూశాడు. పోయేవాళ్లందరూ ముందే పోతారు, వెనక మిగిలిపోయేది నేనొక్కణ్ణే అనిపించింది. అడ్డదారి పట్టి ఇంటికొచ్చి, మంచమెక్కి, గోడవైపు తిరిగాడు.

కాసేపటికి గుమ్మంలో రొప్పుతున్న చప్పుడు వినిపించింది. వంతెన దగ్గర వెనక్కి చూస్తే మామ లేడు. ఎక్కడ పడిపోయాడోనని దారంతా వెతుక్కుంటూ, మోరీ కిందికి కూడా వంగి చూసి వచ్చిందట ఇంద్రాణి. ఆ సంగతి చాలా రోజులకు గానీ ఆయనకు తెలియలేదు. ఆ పూట మాత్రం ఏమైనా అంటుందేమోనని గోడవైపే చూస్తూ కాచుకున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టి లోపలికి పోయింది.

మర్నాటి నుంచి వరస మారింది. ఆయన ముందు, ఆమె వెనక. ముందుకు పోకుండా ఇట్లా వెనక ఎందుకని అడిగితే, మన ఇంట్లో కోడలు మామ ముందర నడవదు గదా అని తలొంచుకుని చెప్పింది. అది నిజమే. మారెక్క కాపురానికి వచ్చిన నాటి నుంచి, సంతకు పోయినా చేనికి పోయినా, మామకే కాదు మొగుడికి కూడా నాలుగడుగులు వెనకే నడిచింది. డిగ్రీ చదివినా పిల్ల ఇంటి పద్ధతి మరవలేదని తిమ్మప్పకు లోలోపల సంతోషమేసింది.

సంతోషం బాగానే ఉంది గానీ దాంతోపాటు ఒక చిక్కు వచ్చిపడింది. ఆయన నడిస్తే ఆమె నడుస్తుంది. ఆయన ఆగితే ఆమె ఆగుతుంది. ఆమె ఉరకాలంటే ముందు ఈయన ఉరకాలి. ఇదెక్కడి పీడరా అని గొణుక్కుంటూ కర్ర చంకలో ఇరికించుకుని నాలుగడుగులు ఉరికాడు. వెనక టకటకమని బూట్ల చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు చెవికి బాగుంది. ఇంకో పది అడుగులు ఉరికాడు.

అంతే, అట్లా మొదలైంది. మొదటివారం పిక్కలు పట్టేసి మెట్లెక్కలేకపోయాడు. మూడోవారం ఒకరోజు వంతెన చేరాక చూసుకుంటే చేతిలో కర్ర లేదు. ఎక్కడ పడేసుకున్నానా అని దారంతా వెతికితే, అది ఇంట్లోనే మూలకు ఆనించి ఉంది.

వాకిట్లో కల్లాపి చల్లుతూ ఈ చోద్యం రోజూ చూసే మనిషి బయమ్మ. తిమ్మప్పకు వరసకు అక్క, అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. కోడలు తరుముకుంటాందా ఏమిరా అని నాలుగు రోజులు ఎగతాళి చేసింది. అయిదో రోజు, ఊరికే చూసిపోదామని వచ్చానంటూ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని వెంట నడిచింది. ఆరో రోజు ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. వాళ్లను చూసి డెయిరీకి పాలు పోసే మగవాళ్లు ముగ్గురు చేరారు. రెండు నెలలకు పది పన్నెండు మంది అయ్యారు. ఉరికేవాళ్లు ఉరుకుతారు, నడిచేవాళ్లు నడుస్తారు. వంతెన చేరగానే పిట్టగోడను అరచేత్తో తాకాలి, తాకితేనే లెక్క. బయమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు మూటకట్టి తెచ్చేది. ఆఖరి మనిషి గోడ తాకేదాకా ఆ మూట ముడి విప్పేది కాదు. ఎంత బతిమాలినా విప్పేది కాదు, అదొక మొండిది.

ఆ గుంపులోకి హనుమంతప్ప రావడం మాత్రం ఊరందరికీ ఆశ్చర్యం. అతనిదీ తిమ్మప్పదీ పక్కపక్క చేలు. మధ్యనున్న గట్టు నువ్వు జరిపినావంటే నువ్వు జరిపినావని పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. బీపీకి నడవమని డాక్టరు చెబితే, ఒంటరిగా నడిచి నడిచి విసుగెత్తి వచ్చాడు. తొమ్మిది రోజులు తిమ్మప్ప పక్కనే, మొహం అటు తిప్పుకుని ఉరికాడు. పదోరోజు చివరి ఎత్తు మీద ఇద్దరికీ ఒకేసారి ఊపిరందలేదు. ఇద్దరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగారు.

"ఏమప్పా, నీకూ రొప్పొస్తాండాదా?" అన్నాడు హనుమంతప్ప.

"వస్తాండాదప్పా," అన్నాడు తిమ్మప్ప.

గట్టు తగాదా దాంతో తీరిపోయిందని నేను చెప్పను. గట్టు ఉన్నచోటే ఉంది, ఇద్దరూ దాని గురించి ఇప్పటికీ పోట్లాడుకుంటారు. కాకపోతే ఇప్పుడు వంతెన మీద కూర్చుని, ఒకే మూటలో శెనక్కాయలు తింటూ పోట్లాడుకుంటారు. ఎవరెంత సేపట్లో చేరారో ఫోన్లో చూసి చెప్పే పెత్తనం కూడా హనుమంతప్పే తీసుకున్నాడు.

ఆ వంతెన మీదే తిమ్మప్ప నోట మారెక్క పేరు మొదటిసారి వచ్చింది. చేలో పీకిన శెనక్కట్టె మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేటప్పుడు ఆమె ఈ పిట్టగోడ దగ్గర మోపు దించి అలుపు తీర్చుకునేదని, తాను మాత్రం ఆగకుండా ముందుకు పోయేవాడినని చెప్పాడు. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు. బయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆమె చేసే ఉలవచారు మళ్లీ తినలేదప్పా అంది. ఇంకొకామె, తనకు మొదటి కాన్పులో మారెక్కే తలకు నూనె పెట్టిందని చెప్పింది. ఆ పూట ఇంటికి పోయి తిమ్మప్ప రెండు ముద్దలు సంగటి తిని, ఇంకో ముద్ద అడిగాడు. ఆ నెల ఆసుపత్రిలో చూస్తే షుగరు నూట డెబ్బైకి దిగింది. ఏం మందు వాడుతున్నావని నర్సమ్మ అడిగితే, నా కోడలికి పరుగు నేర్పిస్తున్నానని గొప్పగా చెప్పాడు.

గొప్పలకేమి, ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు. హనుమంతప్ప ఫోను చూసి ఇంద్రాణికి రోజూ పద్నాలుగు నిమిషాలు పడుతోందని చెప్పేవాడు. పాపం పిల్లకు కాళ్లలో సత్తువ చాలడం లేదు, నేనే ముందుండి లాగాలి అనుకునేవాడు తిమ్మప్ప. రొమ్ము పగిలేటట్లు ఉరికేవాడు. ఎంత ఉరికినా పద్నాలుగు కిందికి దిగేది కాదు. ఇంకొంచెం బిరీన రామ్మా, నేనున్నా గదా అని ఆమెకే ధైర్యం చెప్పేవాడు. ఆమె సరే మామా అనేది.

అనంతపురంలో అసలు పరుగుకు ఇంకా పదిరోజులుందనగా ఒక సాయంత్రం, ఆయన ఎద్దును కట్టే గాడిపాటలో మేత వేసి వచ్చి, పెరట్లో తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. వంటింటి కిటికీ తెరిచి ఉంది. లోపల ఇంద్రాణి పిండి కలుపుతూ, ఫోను పక్కన పెట్టుకుని సందీప్‌తో మాట్లాడుతోంది. వాడి గొంతు బయటికి స్పష్టంగా వినబడుతోంది. వాడు కోపంగా ఉన్నాడు. కాలేజీలో తొమ్మిదిన్నర నిమిషాలకే ముగించేదానివి, ఇప్పుడు పద్నాలుగేంది, ఇట్లయితే రాసిన పరీక్షంతా దండగే గదా అంటున్నాడు.

ఇంద్రాణి పిండి ముద్ద పక్కకు నెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"నేను ముందు పోతే మామ తిరిగి ఇంటికి పోతాడు. మొదటి రోజు అట్లనే పోయినాడు. ఆయప్ప ఆ మంచం మీద గోడతట్టు తిరిగి పండుకునేది నేను మళ్లా సూడలేను. ఉద్యోగానికి ఇంకో నోటిఫికేషన్ వస్తాదిలే."

తిమ్మప్ప చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. మూడు నెలలుగా తాను కోడల్ని లాగుతున్నాననుకున్నాడు. తన వెనక ఆ పిల్ల కావాలనే నడకంత మెల్లగా ఉరికింది. ఇంటి పద్ధతి అని చెప్పింది పద్ధతి కోసం కాదు, తన కోసం. సిగ్గూ, ప్రేమా, ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ రాత్రి సంగటి సహించక, కడుపులో బాగాలేదని చెప్పి లేచిపోయాడు.

తెల్లారి బడి గేటు దగ్గర అందరూ చేరారు. హనుమంతప్పను ఫోనుతో ముందే వంతెన దగ్గరికి పంపించాడు తిమ్మప్ప. బయమ్మను కూడా అతని బండి మీద ఎక్కించి పంపాడు. తర్వాత కోడలివైపు తిరిగాడు.

"ఈ పొద్దు నువ్వు నన్ను దాటిపోమ్మా."

"మన ఇంట్లో అట్ల లేదు గదా మామా."

"ఇంటికి పెద్ద నేనా నువ్వా? పద్ధతి నేను సెప్తాండా. దాటిపో."

ఇంద్రాణి కదల్లేదు. నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమె ఏం భయపడుతోందో ఆయనకు ఇప్పుడు తెలుసు. గొంతు తగ్గించి, మిగతావాళ్లకు వినబడకుండా చెప్పాడు.

"నిన్న కిటికీ కాడ అంతా ఇన్న్యా. నేను తిరిగి పోను. మీ అత్త మీద ఆన. ఎంత పొద్దయినా వంతెన కాడికి వస్తా. నువ్వు మాత్రం ఎనక్కి సూడొద్దు. సూస్తే నీ కాలు ఆగిపోతాది."

ఆమె కళ్లెత్తి ఆయన ముఖం చూసింది. తల ఊపింది.

వంతెన దగ్గరున్న హనుమంతప్పకు ఫోన్లో చెప్పి పరుగు మొదలుపెట్టారు. నూరడుగులు పోయాక ఆయన కుడిపక్కకు బూట్ల చప్పుడు వచ్చింది. తర్వాత చున్నీ అంచు, తర్వాత జడ, తర్వాత మనిషి. మొదటిరోజు తర్వాత ఆమె పరుగెత్తడం ఆయన చూడనేలేదు, వెనక చప్పుడే వినేవాడు. ఆ పిల్లకు కాళ్లు నేల మీద ఆనుతున్నట్లే లేదు. అంత పరుగును మూడు నెలలు ఎట్లా బిగబట్టుకుందో. ఒక్కసారైనా తల తిప్పలేదు. తుమ్మచెట్ల మలుపులో కనుమరుగైంది.

ఆమె వెనకాలే పోవాలని తిమ్మప్ప తన శక్తికి మించి ఉరికాడు. మోరీ దగ్గరికి వచ్చేసరికి డొక్కలో పోటు లేచింది. నిలబడిపోయాడు. మిగతావాళ్లు ఆగబోతే, పోండి పోండి అని చెయ్యి ఊపి పంపించేశాడు. వాళ్లూ మలుపు తిరిగారు. మళ్లీ అదే మోరీ, అదే ఖాళీ రోడ్డు, పక్కనే అదే అడ్డదారి. ఆమె తిరిగి చూడదు. వంతెన మీదున్న వాళ్లకు మలుపుకు ఇవతల ఏముందో కనబడదు. మంచం ఉన్నచోటే ఉంది. మనసు అటు లాగలేదంటే అబద్ధం. లాగింది, బాగా లాగింది.

అప్పుడు ఆయనకు మారెక్క గుర్తొచ్చింది. మోపు నెత్తిన పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుని, ముప్పై ఆరేళ్లు ఈ దారిలోనే తన వెనక నడిచింది. ఆమె వస్తోందా, ఎక్కడైనా ఆగిందా, కాలికి ముల్లు గుచ్చుకుందా అని తాను ఒక్కసారైనా తిరిగి చూశాడా? చూడలేదు. వస్తుందిలే అనుకున్నాడు. ఆమె ప్రతిసారీ వచ్చింది. ముందు పోయేవాడి వీపు కనబడకపోయినా దారి పట్టుకుని నడవడమంటే ఏమిటో తిమ్మప్పకు ఆ మోరీ మీద నిలబడితే తెలిసింది. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "వస్తాండా మారెక్కా," అని పైకే అన్నాడు. అడ్డదారిని దాటి రోడ్డు పట్టాడు.

ఉరికాడనడానికి లేదు. నాలుగడుగులు ఉరికాడు, పది అడుగులు నడిచాడు. పంచె జారితే బిగించుకున్నాడు. పాల క్యాన్లతో ఎదురొచ్చిన బండివాడు ఎక్కుతావా అన్నా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. మలుపు తిరిగాక దూరంగా వంతెన కనబడింది. మనుషులు గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. చివరి ఎత్తు దగ్గర పోటు మళ్లీ లేచింది. చేత్తో డొక్క నొక్కుకుని ఎక్కాడు.

వంతెన మీద అందరూ దారివైపే చూస్తున్నారు. బయమ్మ చేతిలో మూట ముడి వేసినట్లే ఉంది. హనుమంతప్ప ఫోను పట్టుకుని అంకెలు చూసుకుంటున్నాడు. వాళ్లకు కొంచెం ఎడంగా, కాలువవైపు ముఖం పెట్టి, రెండు అరచేతులూ పిట్టగోడ మీద ఆనించి ఇంద్రాణి నిలబడి ఉంది. గోడ తాకి ఎంతసేపయిందో, చెమట కూడా ఆరిపోయింది. అయినా వెనక్కి తిరగలేదు. వంచిన మెడ బిగుసుకుని ఉంది.

తిమ్మప్ప దగ్గరికి పోయాడు. ఊపిరి సరిపోవడం లేదు. ఎప్పుడో బోరు మోటారు కింద నలిగి బొటనవేలి గోరు ఊడిపోయిన తన ఎడమచేతిని తీసి, ఆమె చేతి పక్కన గోడ మీద పెట్టాడు.

ఇంద్రాణి ఆ చేతివైపు చూసింది. ఆమె భుజాలు ఒక్కసారి వదులయ్యాయి.

"వచ్చినావా మామా," అంది, కాలువవైపే చూస్తూ.

"వచ్చినానమ్మా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇంతసేపూ తిరిగి సూడలేదా?"

"సూడొద్దంటివి గదా."

వెనకనుంచి హనుమంతప్ప గొంతు సవరించుకున్నాడు. నీ కోడలిది తొమ్మిది నిమిషాల నలభై అప్పా, నీది ఇరవై రెండు అని చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. బయమ్మ మూట ముడి విప్పింది.

అప్పుడు తిరిగింది ఇంద్రాణి. ముఖమంతా తడిసి ఉంది. తిమ్మప్ప పైపంచె తీసి కోడలి చేతికిచ్చి, ఆమె తుడుచుకునేదాకా ఆగాడు.

"రేపూ దాటమ్మా," అన్నాడు. "నేనొస్తా."